చేతికి తగ్గ పని

కాజీపేటలో ఉత్తరాది రైలెక్కితే రామగుండం పొగగొట్టాలు, మంచిర్యాల, బెల్లంపల్లి బొగ్గు దాటి సిర్పూర్ కాగజ్‌నగర్ దాకా మన ఊళ్ళే. తర్వాత అడవి, ఆ తర్వాత వార్ధా నది వంతెన, బల్లార్షా. నాగపూర్‌కో ఢిల్లీకో పోయే మనవాళ్ళలో చాలామంది ఈ దారిని నిద్రలోనే దాటేస్తారు. చంద్రపూర్ అవతల వరోరా అని ఒక స్టేషను వస్తుంది. అన్ని రైళ్ళూ అక్కడ ఆగవు. నేను చంద్రపూర్‌లోనే దిగి బస్సు పట్టుకున్నాను. నలభై అయిదు కిలోమీటర్ల దారి. నల్లరేగడి చేలల్లో ఆఖరి విడత పత్తి తీస్తున్నారు. కంది కోసి కుప్పలు వేశారు. బొగ్గు లారీ పోయినప్పుడల్లా రోడ్డు పక్క పత్తి మీద నల్లదుమ్ము పరుచుకుంటోంది. పక్క సీటు పెద్దమనిషి ఎక్కడికని హిందీలో అడిగాడు. ఆనంద్‌వన్ అన్నాను.

"దుప్పట్లు కొంటారా? అక్కడివి బాగుంటాయి, రంగు పోవు" అన్నాడు.

సేవ చెయ్యడానికా, చందా ఇవ్వడానికా అని అడగలేదాయన. దుప్పట్ల సంగతి చెప్పాడు. బస్సు దిగేదాకా ఆ మాటే నన్ను పట్టుకుని ఉంది. ఎందుకంటే ఒకప్పుడు ఇదే వరోరా ఊరు, కుష్ఠురోగులు ఉండే ఆనంద్‌వన్ నుంచి వచ్చిన వంకాయను కూడా ముట్టుకోలేదు.

ఆ కథ చాలామందికి కొంత తెలిసే ఉంటుంది. బాబా ఆమ్టేగా మనకు తెలిసిన మురళీధర్ దేవీదాస్ ఆమ్టే 1914లో ఇక్కడికి దగ్గర్లోని హింగణ్‌ఘాట్‌లో భూస్వాముల ఇంట పుట్టాడు. లా చదివి ప్రాక్టీసు పెట్టాడు. గాంధీ ప్రభావంలో పడ్డాక ఆ జీవితాన్ని వదిలేసి వరోరా మునిసిపాలిటీకి ఉపాధ్యక్షుడయ్యాడు. పాకీ పనివాళ్ళ కష్టం తెలియాలని తనే మలం గంప నెత్తికెత్తుకున్నాడు. ఆ రోజుల్లోనే ఒక వానరాత్రి దారి పక్కన వేళ్ళు లేని, పురుగులు పట్టిన మనిషి కనిపించాడు. పేరు తుల్షీరామ్. ఆమ్టే భయంతో ఇంటికి పరిగెత్తాడు. ఎవరికీ భయపడని మనిషని పేరున్న తను ఒక రోగిని చూసి పారిపోయానన్న సంగతి ఆయన్ని నిద్రపోనివ్వలేదు. తిరిగి వెళ్ళి, వాన పడకుండా పాక కట్టి, తుల్షీరామ్ చనిపోయేదాకా సాకాడు. తర్వాత కలకత్తా ట్రాపికల్ మెడిసిన్ స్కూల్లో కుష్ఠు వైద్యం నేర్చుకున్నాడు. పరిశోధన కోసం ఆ రోగక్రిములను తన ఒంట్లోకి ఎక్కించమని ముందుకొచ్చిన మనిషి ఆయన. 1949లో మహారోగి సేవా సమితి ఏర్పడింది. ప్రభుత్వం ఇచ్చిన 50 ఎకరాల రాతినేల మీద 1951లో ఆనంద్‌వన్ మొదలైంది. వినోబా భావే వచ్చి ప్రారంభించారు. అప్పటికి వాళ్ళ దగ్గరున్నది 14 రూపాయలు, ఒక కుంటి ఆవు, ఆరుగురు రోగులు. ఆమ్టే భార్య సాధనా తాయి ఇద్దరు పసిపిల్లలతో ఆ పాములూ తేళ్ళూ తిరిగే బీడులో కాపురం పెట్టింది. ఈ కథ చెప్పేటప్పుడు బాబా గురించే మాట్లాడతాం గానీ, ఆ తొలి ఏళ్ళ పొయ్యీ బావీ గొడ్డూ అన్నీ ఆవిడ చేతుల మీదే నడిచాయి.

మొదటి పని బావి తవ్వడం. వేళ్ళు లేని వాళ్ళతో, రాతినేలలో. తర్వాత కూరగాయల సాగు. పంట వచ్చింది, అమ్మబోతే వరోరాలో కొనేవాడు లేడు. కుష్ఠువాళ్ళు పండించిన కూర ఎవరు తింటారు? 1950ల నడుమ సర్వీస్ సివిల్ ఇంటర్నేషనల్ అనే సంస్థ తరఫున దేశదేశాల నుంచి యువకులు వచ్చి, ఇక్కడ నెలల తరబడి ఉండి, రోగులతో కలిసి ఇటుక మోసి ఆసుపత్రి గోడలు లేపారు. వాళ్ళు ఇక్కడి కూరగాయలే తిన్నారు, ఇక్కడి పాలే తాగారు. ఊరివాళ్ళు అది చూశాకే కొనడం మొదలుపెట్టారు. తెల్లవాళ్ళు తింటే గానీ మనవాళ్ళకు నమ్మకం కుదరలేదన్నది నాకు మింగుడుపడని సంగతే. కానీ ఆ రోజు కూరగాయలు అమ్ముడుపోవడమే ఆనంద్‌వన్‌కు అసలు పుట్టినరోజు అని నా అభిప్రాయం. అప్పటిదాకా అది ఆశ్రమం. అమ్మకం జరిగాక పల్లె అయింది.

ఇప్పుడు అది 400 ఎకరాలు దాటిన పల్లె. వరోరా ఊరికి ఆనుకునే ఉంది. ఆటో దిగి లోపలికి నడిస్తే రెండు పక్కలా పెద్ద చెట్లు. కర్రా ఇనుమూ లేకుండా ఇటుకలతోనే కమాను తిప్పి కట్టిన ఇళ్ళ వరసలు. లోపల మధ్యాహ్నం పూట కూడా చల్లగా ఉన్నాయి. చెరువులు, పశువుల కొట్టం, అందరికీ కలిపి వండే పెద్ద వంటిల్లు, అంధుల బడి, చెవిటి పిల్లల బడి. అతిథిగృహం దగ్గర ఓ అబ్బాయి నా పేరు రాసుకుని, భోజనం వేళలు చెప్పి, "పని జరిగే చోట ఫోటోలు అడిగి తియ్యండి" అన్నాడు. మంచి మాట. పక్కన నిలబడిన ఓ బృందం అప్పటికే అడక్కుండా తీస్తోంది, ఒక ముసలావిడ మొద్దుబారిన చేతుల్ని దగ్గర్నుంచి. ఆవిడ ఏమీ అనలేదు గానీ చేతిలో పని ఆపేసింది. ఫోన్లు కిందికి దిగాకే మళ్ళీ మొదలుపెట్టింది.

నేను ఎక్కువసేపు గడిపింది మగ్గాల షెడ్డులో. లోపల మాట వినపడనంత చప్పుడు. ఒక వరసలో కండెలు చుట్టేవాళ్ళు, ఒక వరసలో చేనేత మగ్గాలు. కండెలు చుట్టే దగ్గర కూర్చున్న నడివయసు మనిషికి చూపు లేదు. దారం వేళ్ళ మధ్య నుంచి పోతుంటే దాని బిగువును బట్టి కండె ఎంత నిండిందో చెప్పేస్తున్నాడు. తెగితే చప్పుడు కన్నా ముందే చెయ్యి ఆగుతోంది. ముడి వేసి, నాలుకతో కొస తడిపి, మళ్ళీ తిప్పుతున్నాడు. అతని పక్కనున్న అమ్మాయికి వినపడదు. రంగు దారాలు ఏ కండెకు ఏవో ఆమె చూసి అందిస్తోంది. వాళ్ళిద్దరికీ మాటలు అక్కర్లేదు. ఆమె అతని మోచేతిని ఒకసారి తడితే ఎరుపు, రెండుసార్లు తడితే నీలం.

మగ్గం మీద ఒక తాత ఉన్నాడు. కుడిచేతి వేళ్ళు మూడు పూర్తిగా ముడుచుకుపోయాయి, రెండు సగానికి అరిగిపోయాయి. నాడెను లాగే పిడిని ఆ చెయ్యి పట్టుకోలేదు. అందుకని ముంజేతికి మెత్తటి పట్టీ కట్టి, దానికి తాడు తగిలించారు. వేళ్ళతో పని లేకుండా ముంజెయ్యి విసిరితే నాడె అటు పోతుంది, ఇటు వస్తుంది. పట్టీ లోపల దూది, పైన పాతగుడ్డ చుట్ట. ఈ గుడ్డ చుట్ట సంగతి కాస్త చెప్పాలి. కుష్ఠులో వేళ్ళు వాటంతటవి రాలిపోతాయని మనలో చాలామంది ఇప్పటికీ అనుకుంటారు. నిజం అది కాదు. ఈ క్రిమి చర్మంలోని నరాలను చంపుతుంది. ఆ తర్వాత వేడి తెలియదు, కోత తెలియదు, బొబ్బ తెలియదు. కాలిన స్టీలు గ్లాసు పట్టుకుంటాడు, మేకు మీద నడుస్తాడు, పిడి ఒరుసుకున్న చోటే రోజంతా పని చేస్తాడు. పుండు పడుతుంది, చీము పడుతుంది, ఎముక దాకా పోతుంది. వేలు పోయేది అలా. కాబట్టి నొప్పి తెలియని మనిషికి పని ఇవ్వాలంటే, అతని పనిముట్టే ముందు మారాలి. పిడి లావుగా ఉండాలి, మెత్తగా ఉండాలి, ఒకే చోట ఒత్తకూడదు. మధ్యాహ్నం గంట కొట్టగానే ఆ షెడ్డులో ఒక పని జరిగింది. వెలుతురున్న గుమ్మం దగ్గరికి వచ్చి, ఒక్కొక్కరూ తమ అరచేతుల్ని తిప్పి తిప్పి చూసుకున్నారు. ఎక్కడైనా ఎర్రబడిందా, గీరుకుందా అని. ఒకరి చెయ్యి ఒకరు కూడా చూశారు. ఆ తర్వాతే అన్నానికి కదిలారు.

అక్కడ నా తెలుగు విని ఆ తాత తలెత్తాడు.

"ఏడికెల్లి వస్తున్నవ్ బిడ్డా?"

హైదరాబాద్ అన్నాను. ఆయనది ఆసిఫాబాద్ దిక్కు. ఇక్కడికొచ్చి యాభై ఏళ్ళు దాటిందట. మరాఠీ వాళ్ళ మధ్యనే ఉన్నా మాట పోలేదు.

"పదహారేండ్లప్పుడు ఈపు మీద మచ్చ లేసింది. గిచ్చితె తెల్వకపోయేది. పెద్దరోగమన్నరు. బాయికాడికి రానియ్యలే. మా నాయ్న బల్లార్షా దాక తోల్కొచ్చి, చేతుల పది రూపాయలు పెట్టి, ఎటన్న పో కొడుకా అన్నడు. ఆయన తప్పు లేదు. ఇంట్ల ఇద్దరు ఆడపిల్లలుండ్రి."

"ఇక్కడికి ఎట్లా వచ్చావు తాతా?"

"టేషన్ల అడుక్కునేటోల్లు చెప్పిండ్రు. వచ్చిన్నాడే చేతికి పారిచ్చిన్రు. మట్టి ఎత్తుమన్నరు. నాకు ఏడుపొచ్చింది. కోపం కాదు బిడ్డా. నన్ను పని చెయ్యిమన్నోడు అప్పటికి ఒక్కడు లేకుండె."

ఆయన అన్నం తింటూ ఇంకా చాలా చెప్పాడు. మందులతో క్రిమి చచ్చిపోయాక కూడా చేతులు తిరిగి రాలేదనీ, ఇక్కడే పెళ్ళి చేసుకున్నాననీ, భార్య పోయి నాలుగేళ్ళనీ. కాలేజీ కట్టిన సంగతి చెప్పేటప్పుడు మాత్రం ఆయన గొంతు పెరిగింది. 1960ల నడుమ ఆనంద్‌వన్ నేల మీద ఆనంద్ నికేతన్ పేరుతో డిగ్రీ కాలేజీ, ఆ వెంటనే వ్యవసాయ కళాశాల వచ్చాయి. కట్టడంలో చెయ్యేసింది కుష్ఠురోగులు. చదువుకున్నది చుట్టుపక్కల ఊళ్ళ పిల్లలు. తాత వచ్చేనాటికి గోడలు లేచే ఉన్నాయి. తర్వాత కట్టిన వాటికి ఇటుకలు మోశాడు. "వాల్ల తాతలు మమ్ముల ఎల్లగొట్టిండ్రు. ఆల్ల మన్మలు మేం కట్టిన కాడ సదువుకున్నరు" అన్నాడు. కసి లేదు ఆ మాటలో. బాకీ తీర్చినవాడి నిబ్బరం ఉంది.

బాబా ఆమ్టే నమ్మకం ఒక్కటే: దానం మనిషిని కుంగదీస్తుంది, పని నిలబెడుతుంది. ఇది వినడానికి తేలికగా ఉంటుంది. దీన్ని తప్పుగా వాడుకునేవాళ్ళూ ఉన్నారు, వికలాంగులకు పింఛను ఎందుకు, పని చేసుకోవచ్చుగా అని. ఆనంద్‌వన్‌లో చూస్తే ఆ వాదం నిలవదు. ఇక్కడ పనికి ముందు ఆసుపత్రి ఉంది, తిండి ఉంది, ఇల్లు ఉంది, పక్కన మనిషి ఉన్నాడు. అవి ఉన్నాక పని వచ్చింది. పని చెయ్యలేని ముసలివాళ్ళకు వేరే వసతి ఉంది, వాళ్ళను ఎవరూ లెక్క అడగరు. మా ఊళ్ళలో వికలాంగుల "ఉపాధి శిక్షణ" పేరుతో కొవ్వొత్తులూ కాగితం కవర్లూ చేయించి, వాటిని ఏడాదికోసారి స్టాలు పెట్టి, జాలితో కొనేవాళ్ళకు అమ్మడం చాలాసార్లు చూశాను. అది కాలక్షేపం. చేసేవాళ్ళకూ ఆ సంగతి తెలుసు. ఇక్కడ రేకు పని షెడ్డులో డబ్బాలు తయారవుతాయి, వడ్రంగి షెడ్డులో బల్లలు, ఇంకో చోట నడవలేని వాళ్ళ కోసం మూడుచక్రాల బళ్ళు. ఆ బళ్ళను బిగించే వాళ్ళలో కొందరు తామూ అలాంటి బండి మీదే పనికి వస్తారు. ఎక్కడ బోల్టు వదులైతే ఎక్కడ నడుము నొప్పి పుడుతుందో వాళ్ళకు ఎవరూ చెప్పక్కర్లేదు.

బాబా కూడా సగం జీవితం అలాగే గడిపాడు. వెన్నెముక జబ్బు ముదిరి కూర్చోలేకపోయేవాడు. నిలబడాలి, లేదా పడుకోవాలి. 1985లో కన్యాకుమారి నుంచి కాశ్మీర్‌కు ‘భారత్ జోడో’ యాత్ర చేసినప్పుడు, సైకిళ్ళ మీద యువతీయువకులు, వ్యాన్‌లో మంచం మీద ఆయన. 2008 ఫిబ్రవరిలో చనిపోయాక ఇక్కడి మట్టిలోనే పూడ్చారు. సమాధి దగ్గర కాసేపు నిలబడ్డాను. ఆ 2008లోనే మరో సంగతి జరిగింది. ఒడిశా మునిసిపల్ చట్టం కుష్ఠురోగులను పదవులకు అనర్హులను చేస్తే, సుప్రీంకోర్టు దాన్ని సమర్థించింది. మునిసిపాలిటీ ఉపాధ్యక్షుడిగా ఉండి, కుష్ఠువాడి కోసం ఆ దారి వదిలేసిన మనిషి పోయిన సంవత్సరమే అది. 1898 నాటి కుష్ఠురోగుల చట్టం 2016 దాకా పుస్తకాల్లోంచి పోలేదు. కుష్ఠు ఉందని విడాకులు కోరే వీలు 2019 దాకా ఉంది. మందు మాత్రం 1980ల మొదట్లోనే వచ్చేసింది. మూడు మందులు కలిపి ఆరు నెలలో ఏడాదో వేసుకుంటే జబ్బు నయమవుతుంది. ప్రజారోగ్య సమస్యగా కుష్ఠును నిర్మూలించామని 2005 ఆఖరుకు మన దేశం ప్రకటించుకుంది. అయినా ఏటా లక్ష దాకా కొత్త కేసులు ఇక్కడే బయటపడుతున్నాయి, ప్రపంచం మొత్తంలో సగానికి పైగా. తొందరగా మందు పడితే చేతులు పాడవ్వవు. అందుకే ఆనంద్‌వన్‌కు ఈ రోజుల్లో వచ్చేవాళ్ళలో కుష్ఠు వల్ల అంగవైకల్యం వచ్చినవాళ్ళు తగ్గుతూ, చూపు లేనివాళ్ళు, వినపడనివాళ్ళు, నడవలేనివాళ్ళు పెరుగుతున్నారు.

అక్కడే అసలు చిక్కు మొదలవుతుంది. తాతను ఊరు వెళ్ళగొట్టింది కాబట్టి ఆయనకొక ఊరు కావలసి వచ్చింది. పుట్టుకతో వినపడని పిల్లవాడిని ఎవరూ వెళ్ళగొట్టలేదు. మరి వాడూ కంచె లోపలి షెడ్డులోనే బతకాలా? 2016 వికలాంగుల హక్కుల చట్టం 21 రకాల వైకల్యాలను గుర్తించింది. ప్రభుత్వ ఉద్యోగాల్లో 4 శాతం ఇవ్వాలంది, కుష్ఠు నయమైనవాళ్ళనూ అందులో చేర్చింది. ప్రైవేటు కంపెనీలు కనీసం 5 శాతం మందిని తీసుకునేలా ప్రభుత్వాలు ప్రోత్సాహకాలు ఇవ్వాలనీ ఉంది. కాగితం మీద ఇంత ఉన్నా, గేటు దగ్గర సెక్యూరిటీ అబ్బాయి "ఈ పని నీవల్ల కాదు" అన్న మాటకు తిరుగు లేదు.

తిరుగు చెప్పినవాళ్ళు లేకపోలేదు. మచిలీపట్నం దగ్గర సీతారామపురంలో చూపు లేకుండా పుట్టిన బొల్లా శ్రీకాంత్ పదో తరగతి అయ్యాక సైన్సు చదవనివ్వకపోతే కోర్టుకు వెళ్ళి గెలిచాడు. ఆ తర్వాత అమెరికాలో ఎంఐటీలో చదివి, 2012లో హైదరాబాద్‌లో బొల్లాంట్ ఇండస్ట్రీస్ పెట్టాడు. ఆకులతో, వాడేసిన కాగితంతో ప్యాకింగ్ సామాను చేసే ఫ్యాక్టరీ, వికలాంగులకు ఉద్యోగాలిచ్చేది. 2024లో ఆయన మీద హిందీ సినిమా కూడా వచ్చింది. సినిమా చూసి చప్పట్లు కొట్టిన మనలో ఎంతమంది తమ ఆఫీసులో, తమ దుకాణంలో అలాంటి ఒక్కరికైనా కుర్చీ వేశారో అన్నది నా బాధ. శ్రీకాంత్ అసాధారణ మనిషి. పని దొరకడానికి అసాధారణ మనిషే అయి ఉండాలంటే అది న్యాయం కాదు. మగ్గాల షెడ్డులో కండెలు చుట్టే మనిషి మామూలు మనిషి. మామూలుగా పనికొచ్చి, మామూలుగా ఇంటికి పోతున్నాడు. నాకు అంతకన్నా గొప్పగా ఏమీ అనిపించలేదు.

సాయంత్రం దుకాణంలో దుప్పటి కొన్నాను. నా ముందు నిలబడ్డ ఓ జంట బేరం చేస్తున్నారు. కౌంటరు మీదున్న అమ్మాయి ఊతకర్ర పక్కన పెట్టి, దుప్పటి మడత విప్పి, అంచు కుట్టు చూపించింది, ధర మాత్రం తగ్గించలేదు. వాళ్ళు మూతి ముడిచి, రెండు తీసుకున్నారు.

తాత నన్ను వెతుక్కుంటూ అక్కడికే వచ్చాడు, వెంట ఇరవై ఏళ్ళ కుర్రవాడితో. కూతురి కొడుకు. పుట్టుకతో వినపడదు. ఇక్కడి బడిలో చదివి, బయట ఐటీఐలో ఫిట్టర్ పూర్తి చేశాడు.

"నేను ఈడ్నే సస్త. నాకు గిదే ఊరు. కని వీడు ఈడ ఉండద్దు బిడ్డా. మంచిర్యాలల గాని, మీ పట్నంల గాని, నలుగుట్ల ఉండాలె. నువ్వు ఒక్క మాట అడిగి సూడు" అన్నాడు తాత.

కుర్రవాడు సర్టిఫికెట్ల జిరాక్సులు నా చేతికిచ్చాడు. ఫోన్‌లో టైపు చేసి చూపించాడు, మరాఠీలో కాదు, హిందీలో: లేత్ వచ్చు, వెల్డింగ్ వచ్చు, డ్రాయింగ్ చదవడం వచ్చు.

పట్నం వచ్చాక తెలిసిన రెండు మూడు చోట్ల అడిగాను. వికలాంగులకు శిక్షణ ఇచ్చి ఉద్యోగాల్లో పెట్టే సంస్థ యూత్‌ఫర్‌జాబ్స్ హైదరాబాద్‌దే. వాళ్ళకూ కాగితాలు పంపించాను. ఒక వర్క్‌షాపు యజమాని సర్టిఫికెట్లు చూసి, మార్కులు బాగున్నాయని చెప్పి, చివర్లో అన్నాడు: "అబ్బాయి మంచివాడేనండీ. కానీ మెషిన్ చప్పుడు మారితే తేడా వచ్చిందని అతనికెట్లా తెలుస్తుంది? పక్కనోడు ఆపమని అరిస్తే ఎట్లా వినపడుతుంది?"

ఆ ప్రశ్నను అలాగే కుర్రవాడికి పంపాను. పావుగంటలో జవాబొచ్చింది. తేడా వస్తే మెషిన్ వణుకు మారుతుంది, అది చేతికి తెలుస్తుంది, చెవుల కన్నా ముందే. పిలవడానికి ఒక ఎర్ర బల్బు, ఒక స్విచ్చు చాలు. వైరింగ్ నేనే చేసుకుంటాను. బల్బు ఎక్కడ పెట్టాలో గీసిన బొమ్మ కూడా పంపాడు, కొలతలతో సహా.

బొమ్మను యజమానికి పంపించాను. సోమవారం పిలిపించమన్నాడు, వారం రోజులు చూస్తాడట. కుర్రవాడు శనివారం రాత్రి చంద్రపూర్‌లో రైలెక్కుతున్నాడు.